చేతికింద కుర్రవాడు

తిరుపతికి ఐదు కిలోమీటర్ల దూరంలో తిరుచానూరు ఉంది. అలమేలుమంగాపురమన్నా అదే. తిరుమలేశుని దర్శించుకొన్న భక్తులు పద్మావతీ అమ్మవారిని కూడా సేవించుకొన్న తరువాతనే యాత్ర పూర్తయినట్లు భావిస్తారు. అందుచేత ఆ ఊరికి పగలూ రాత్రీ అనే భేదం తక్కువ. తెల్లవారకముందే కార్లు, జీపులు, ఆటోలు బారులు తీరుతాయి. పూలబుట్టలతో, పాలక్యాన్లతో ద్విచక్రవాహనాలు వాటి మధ్య దారి వెతుక్కుంటూ సాగుతాయి.

యాత్రికుని కంటికి గోపురం కనిపిస్తుంది, పద్మసరోవరం కనిపిస్తుంది. అతని ముందు టిఫిను పళ్లెం పెట్టి, అతడు వదిలిన పళ్లెం తీసి, అతడు పడుకొన్న గదిలో దుప్పటి మార్చి, అతడు ఎక్కిన బండికి గాలి పట్టిన మనిషి మాత్రం కనిపించడు. ఆ మనుషులలో చాలామందికి ఇంకా మీసకట్టైనా సరిగా రాలేదు. పుణ్యక్షేత్రాలన్నింటిలోనూ ఇది ఉన్నదే. ఎక్కడ జనం చేరితే అక్కడ పని చేరుతుంది. ఎక్కడ పని చేరితే అక్కడ తక్కువ కూలికి దొరికే చిన్న వయస్సు చేరుతుంది.

అటువంటివారిలో ఒక కుర్రవాని సంగతి ఇది. అతని పేరు ఇక్కడ అవసరం లేదు. అతడు పనిచేసిన షెడ్డులోనే అతనిని పేరుపెట్టి పిలిచినవారు అరుదు. మేస్త్రి “ఒరే అబ్బోడా” అనేవాడు. బండి బాగుచేయించుకోవడానికి వచ్చినవారు “ఏమయ్యా కుర్రోడా” అనేవారు. ఎవరైనా “ఈ పిల్లోడెవరు?” అని అడిగితే, “మన చేతికింద కుర్రోడులే. పని నేర్చుకుంటా ఉండాడు” అని మేస్త్రి జవాబు చెప్పేవాడు. ఆ చివరి మాటలోనే ఈ కథంతా ఉంది.

పదవ తరగతి పూర్తిచేసిన వేసవిలో, పదహారేళ్ల వయస్సులో, తండ్రి అతనిని వెంటబెట్టుకొని షెడ్డుకు తీసుకొని వెళ్లాడు. ఒక పళ్లెంలో తమలపాకులు, అరటిపండ్లు, ఒక కొత్త తువ్వాలు పెట్టి మేస్త్రి చేతికిచ్చాడు. “వీనికి పని నేర్పించు మేస్త్రీ. కూలి సంగతంటావా, నువ్వు ఏదంటే అదే” అన్నాడు. మేస్త్రి తాంబూలం కళ్లకద్దుకొన్నాడు. కాగితం మీద ఎవరూ ఏమీ వ్రాయలేదు. వ్రాయవలసినదేదో ఉన్నదని అక్కడున్న ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

మొదటి ఆరునెలలు కూలి లేదు. ఉదయం టిఫిను, రెండుపూటలా టీ మాత్రం ఇచ్చేవాడు. కుర్రవాడు షట్టరు తీసి, నేల ఊడ్చి, స్పానర్లను నంబర్ల వరుసలో పేర్చి, గ్రీజు పట్టిన భాగాలను కడిగి ఆరబెట్టేవాడు. అటుపై శనివారం శనివారం మూడు వందల రూపాయలు ఇవ్వసాగాడు. రెండవ ఏడాది వచ్చేసరికి రోజుకు వంద. పని ఉదయం ఎనిమిది గంటలకు మొదలై రాత్రి తొమ్మిది వరకు సాగేది. ఆదివారం మధ్యాహ్నం నుంచి సెలవు.

ఇక్కడ మేస్త్రిని గురించి రెండు మాటలు చెప్పకపోతే అన్యాయమవుతుంది. అతడు చెడ్డవాడు కాడు. పని దాచుకొనే గురువు అసలే కాడు. బండి షెడ్డు ముందుకు వచ్చి ఆగకముందే, దాని చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. “ఈ టకటక వాల్వు దగ్గరిది. ఆ గరగర చైనుది. రెండింటికీ తేడా నీ చెవికి తెలిసిననాడు నువ్వు మెకానిక్కువి” అని కుర్రవాని చెయ్యి పట్టుకొని ఇంజను మీద ఆనించి ఆ అదురును చూపేవాడు. ఏ పుస్తకంలోనూ దొరకని విద్య అది. కుమ్మరి సారె మీద, కంసాలి కుంపటి ముందు, నేతగాని మగ్గం గుంటలో, శిల్పి ఉలి కింద తరతరాలుగా విద్య ఇలాగే చేతి నుంచి చేతికి అందుతూ వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీ అయినా, నారాయణవనం నేతైనా శిష్యరికం లేకుండా నిలిచేవి కావు.

అయితే ఆ పాత శిష్యరికంలో శిష్యుడు చాలాసార్లు గురువు కొడుకో, మేనల్లుడో అయి ఉండేవాడు. గురువు ఇంటిలోనే తిని, గురువు ఇంటిలోనే పడుకొనేవాడు. రేపు ఆ మగ్గమో, ఆ కుంపటో అతనికే దక్కేది. షెడ్డులోని కుర్రవానికి ఆ హామీ ఏదీ లేదు. అతని బువ్వ అతని ఇంటిదే. షెడ్డు మేస్త్రిది. నేర్చుకోవడం ఎక్కడ ముగుస్తుందో, పనిచేయడం ఎక్కడ మొదలవుతుందో చెప్పే గీత కూడా లేదు. ఆ గీత లేకపోవడం వల్ల నష్టపోయేది ఎప్పుడూ ఒక్క పక్షమే.

రెండవ ఏడాది మధ్యకు వచ్చేసరికి కుర్రవాడు బ్రేకు లైనర్లు ఒంటరిగా మార్చేవాడు. క్లచ్ ప్లేట్లు విప్పి బిగించేవాడు. మేస్త్రి సామాన్ల కోసం తిరుపతికి వెళ్లిన రోజున షెడ్డంతా అతనిదే. ఒక్క మధ్యాహ్నం అతడు చేసిన మూడు బండ్ల పనికి వచ్చిన మజూరీ అతని వారం కూలిని మించేది. ఆ డబ్బు అతడే లెక్కపెట్టి గల్లాలో వేసేవాడు. లెక్క అతనికి తెలుసు. దానిని అన్యాయమనడానికి మాత్రం మాట దొరకలేదు. ఎందుకంటే అతడు ఇంకా ‘నేర్చుకొంటూ’ ఉన్నాడు.

ఆ మాట దొరికింది అతనికి కాదు, అతని అక్కకు. ఆమె ఇంటర్మీడియట్ వృత్తివిద్యా విభాగంలో చదువుతున్నది. కోర్సులో భాగంగా పని ప్రదేశంలో శిక్షణకు వెళ్లవలసి వచ్చినప్పుడు, అధ్యాపకురాలు తరగతిలో అప్రెంటిస్‌ల చట్టం గురించి చెప్పింది. అక్క చేయెత్తి, “మా తమ్ముడు షెడ్డులో పని నేర్చుకుంటా ఉండాడు మేడం. వాడు కూడా అప్రెంటిసేనా?” అని అడిగింది.

అధ్యాపకురాలు వెంటనే జవాబు చెప్పలేదు. ఎదురు ప్రశ్నలు వేసింది. ఒప్పందపత్రం ఉన్నదా? దానిమీద మీ నాయన సంతకం చేశాడా? దానిని నమోదు చేశారా? ఏ వృత్తిలో, ఎన్ని నెలలు, ఏ పాఠ్యక్రమం ప్రకారం నేర్పుతామని అందులో వ్రాశారా? అన్నింటికీ అక్క తల అడ్డంగా ఊపింది.

“అట్లయితే మీ తమ్ముడు చట్టం దృష్టిలో అప్రెంటిస్ కాడు. కార్మికుడు” అన్నది ఆమె.

ఈ ఒక్క వాక్యం వెనుక ఉన్న చట్టాన్ని కొంచెం నిదానంగా చూడవలసి ఉంది. అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది. దాని ప్రకారం అప్రెంటిస్ అంటే నమోదైన ఒప్పందం మీద, నిర్ణీత కాలం, నిర్ణీత వృత్తిలో శిక్షణ పొందే వ్యక్తి. అతనికి పద్నాలుగేళ్లు నిండి ఉండాలి. మైనరైతే సంరక్షకుడు సంతకం చేయాలి. చట్టంలోని 18వ సెక్షను అప్రెంటిస్‌ను శిక్షణార్థిగానే చూస్తుంది, కార్మికునిగా కాదు. కాబట్టి అతనికి వచ్చేది వేతనం కాదు, ఉపకారవేతనం. దానికీ ఒక కనిష్ఠ మొత్తం ఉంది. 2019లో సవరించిన నియమాలు పదవ తరగతి పూర్తిచేసిన అప్రెంటిస్‌కు నెలకు 6,000 రూపాయలు, ఇంటర్మీడియట్ పూర్తిచేసినవానికి 7,000, డిప్లొమా ఉన్నవానికి 8,000, పట్టభద్రునికి 9,000 చొప్పున ఇవ్వాలన్నాయి. రెండవ ఏడాది పది శాతం, మూడవ ఏడాది పదిహేను శాతం పెంచాలన్నాయి. అప్రెంటిస్‌కు ఎన్ని వస్తువులు చేస్తే అంత అని లెక్కకట్టి ఇవ్వడాన్ని కూడా ఆ చట్టం నిషేధించింది. నేర్చుకొనేవాడు తొందరపడితే నేర్చుకోలేడన్న ఇంగితం అందులో ఉంది. 1986లో సవరణ జరిగి ఇంటర్మీడియట్ స్థాయి వృత్తివిద్య పూర్తిచేసినవారు కూడా ఈ చట్టం పరిధిలోకి వచ్చారు. దక్షిణాది రాష్ట్రాలలో వారి శిక్షణను చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు చూస్తుంది.

అయితే ఈ చట్టం చిన్న షెడ్డు గుమ్మం తొక్కదు. ముప్పై మంది, ఆ పైన పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తప్పక తీసుకోవాలి. నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది వరకు ఉన్నవి ఇష్టమైతే తీసుకోవచ్చు. మేస్త్రి, కుర్రవాడు ఇద్దరే ఉన్న షెడ్డుకు ఆ చట్టం కింద అప్రెంటిస్ ఉండే అవకాశమే లేదు. ఉండేది కార్మికుడే.

కార్మికుడన్న తరువాత ప్రశ్న మారిపోతుంది. 1948 మార్చి 15న అమలులోకి వచ్చిన కనీస వేతనాల చట్టం స్వతంత్ర భారతదేశపు తొలి కార్మిక చట్టాలలో ఒకటి. ఆ చట్టం పెద్దలకు, కౌమారులకు, బాలలకు, అప్రెంటిస్‌లకు వేర్వేరు రేట్లు నిర్ణయించే వీలును ప్రభుత్వాలకు ఇచ్చింది. పైగా అనుబంధ పట్టికలో చేర్చిన వృత్తులకు మాత్రమే వర్తించింది. తన వృత్తి ఆ పట్టికలో ఉన్నదో లేదో వెతుక్కోవడమే పేదవానికి ఒక పనిగా ఉండేది. పార్లమెంటు 2019లో ఆమోదించిన వేతనాల స్మృతి ఆ పట్టికను తొలగించింది. నైపుణ్యాన్నిబట్టి, ప్రాంతాన్నిబట్టి, పనిలోని కష్టాన్నిబట్టి రేటు నిర్ణయించాలన్నది. వ్యాపారమో వృత్తో జరిగే ఏ స్థలమైనా ఆ స్మృతి దృష్టిలో సంస్థే. చట్టబద్ధమైన అప్రెంటిస్‌ను మినహాయించి, అక్కడ కూలికి పనిచేసే ప్రతి మనిషీ ఉద్యోగే.

ఆ స్మృతి చాలాకాలం కాగితం మీదనే ఉండి, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. యాదృచ్ఛికమే కావచ్చు గాని, ఆ రోజు తిరుచానూరులో అమ్మవారి కార్తిక బ్రహ్మోత్సవాలు జరుగుతున్నాయి. ఆ రాత్రి గజవాహన సేవ. మాడవీధులలో జనం కిక్కిరిసి ఉన్నారు. కుర్రవాడు రాత్రి పదకొండు గంటల వరకు షెడ్డులో పంక్చర్లు వేస్తూ ఉన్నాడు. వాహనం కదులుతున్నప్పుడు మ్రోగిన వాద్యాలు అతనికి వినిపించాయి, వాహనం మాత్రం కనిపించలేదు. మరునాడు అక్క పత్రిక తీసుకొని వచ్చి, “నీ గురించే పడిందిరా” అన్నది. అతడు నమ్మలేదు.

ఇంటిలో ఆ రాత్రి పెద్ద చర్చ జరిగింది. అవ్వకు ఈ మాటలేవీ నచ్చలేదు. “విద్య చెప్పే చేతిని కోర్టుకీడ్చే కాలమొచ్చిందా? తాంబూలమిచ్చి వచ్చినాం గదరా” అన్నది. తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. అతడు భవన నిర్మాణంలో కూలీ. చివరికి, “నేను ఒప్పుకొన్నాను గదమ్మా. నువ్వు ఏదంటే అదే అన్నాను. ఇప్పుడు మాట ఎట్ల మారుస్తాం?” అన్నాడు.

తండ్రి మాటలో ఉన్నది పిరికితనం కాదు, మర్యాద. అందుకే దానికి జవాబు చెప్పడం కష్టం. కాని చట్టం సరిగ్గా ఆ మర్యాదను దృష్టిలో పెట్టుకొనే ఒక మాట చెప్పింది. కనీస వేతనాన్ని వదులుకొంటానని ఎవరు ఒప్పుకొన్నా ఆ ఒప్పందం చెల్లదు. 1948 నాటి చట్టంలోనూ ఈ సంగతి ఉంది, కొత్త స్మృతిలోనూ ఉంది. మామూలుగా ఇద్దరు ఇష్టపడి చేసుకొన్న ఒప్పందాన్ని చట్టం గౌరవిస్తుంది. ఇక్కడ మాత్రం గౌరవించదు. ఆకలి ఉన్నవాని ఇష్టానికీ, ఆకలి లేనివాని ఇష్టానికీ తేడా ఉన్నదని దానికి తెలుసు.

ఆ తేడాను మన సర్వోన్నత న్యాయస్థానం 1982లోనే స్పష్టంగా చెప్పింది. ఆ ఏడాది ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. వాటికోసం మైదానాలు, వంతెనలు, వసతిగృహాలు కట్టిన కూలీలకు రోజుకు 9 రూపాయల 25 పైసలు కనీస వేతనం రావలసి ఉండగా, జమాదారులు అందులో ఒక్క రూపాయి కమీషనుగా మినహాయించుకొనేవారు. ప్రజాస్వామిక హక్కుల ప్రజాసంఘం ఆ పరిస్థితులను వివరిస్తూ న్యాయమూర్తి పి.ఎన్. భగవతికి ఒక లేఖ వ్రాసింది. న్యాయస్థానం ఆ లేఖనే పిటిషనుగా స్వీకరించింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ అవుతుందని తీర్పు చెప్పింది. బలవంతమంటే కొరడా ఒక్కటే కాదు, పేదరికం కూడా ఒక బలవంతమేనన్నది. ఒక్క రూపాయి విషయమే కదా అని ఆనాడు కొందరికి అనిపించి ఉండవచ్చు. ఆ రూపాయి మీదనే ఆ తీర్పు నిలబడింది.

ఇంతకూ ఈ కనీస వేతనాన్ని ఎలా లెక్కకడతారు? 1957లో జరిగిన పదిహేనవ భారత కార్మిక సదస్సు ఒక కొలత చెప్పింది. ఒక సంపాదనపరునిపై మూడు ‘వినియోగ ప్రమాణాలు’ ఆధారపడతాయని తీసుకొన్నారు. వయోజనునికి రోజుకు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం వగైరా ఖర్చులు లెక్కలోకి వచ్చాయి. 1991లో సర్వోన్నత న్యాయస్థానం పిల్లల చదువు, వైద్యం, పండుగలు పబ్బాలు, వృద్ధాప్యం, పెళ్లి ఖర్చులకని మరో ఇరవై అయిదు శాతం కలపాలన్నది.

ఆ 1957 కొలతలో తరచుగా ఎవరూ గమనించని వాక్యం ఒకటి ఉంది. కుటుంబ అవసరాలను లెక్కకట్టేటప్పుడు స్త్రీల, బాలల, కౌమారుల సంపాదనను లెక్కలోకి తీసుకోరాదని అందులో ఉంది. స్త్రీ సంపాదన గురించి నేడు అలా అనుకోలేము. అది వేరే చర్చ. కౌమారుల విషయంలో మాత్రం ఆ వాక్యం అర్థం చాలా లోతైనది. తండ్రికి రావలసిన కూలి వస్తే, పదహారేళ్ల కొడుకు కూలికి పోనవసరం లేదన్నమాట. తిరుచానూరు కుర్రవాడు పదవ తరగతితో ఆగిపోవడానికి అసలు కారణం మేస్త్రి ఇవ్వని కూలి కాదు. చాలా ఏళ్లకు ముందు, ఎక్కడో ఒక కట్టడం దగ్గర తండ్రికి అందని కూలి.

చిన్న వయస్సు పేరుతో కూలి తగ్గించడం ఒక్క ఊరి సంగతి కాదు. చిత్తూరుకు పొరుగున ఉన్న తమిళనాడులో కొన్ని నూలుమిల్లులు ‘సుమంగలి’ అనే పథకం పేరుతో పేద ఇళ్ల ఆడపిల్లలను మూడేళ్లకు అప్రెంటిస్‌లుగా తీసుకొనేవి. కాలం పూర్తయితే పెళ్లిఖర్చుకు ఒక మొత్తం ఇస్తామనేవి. మగ్గమూ యంత్రమూ తెలిసిన తరువాత కూడా మూడేళ్లూ వారు అప్రెంటిస్‌లే. మధ్యలో జబ్బుపడి ఇంటికి వెళ్లిన పిల్లలకు ఆ మొత్తం దక్కని ఉదంతాలు ఎన్నో బయటపడ్డాయి. ధనిక దేశాలలోనూ ఈ మడత పేచీ ఉంది. బ్రిటన్‌లో జాతీయ కనీస వేతనం 1999 ఏప్రిల్‌లో మొదలైంది. అప్రెంటిస్‌లకు ప్రత్యేక రేటు రావడానికి 2010 అక్టోబరు వరకు ఆగవలసి వచ్చింది. అప్పుడు వయోజనులకు గంటకు 5 పౌండ్ల 93 పెన్నీలు, అప్రెంటిస్‌కు 2 పౌండ్ల 50 పెన్నీలు. సగమైనా కాదు!

డిసెంబరు మొదటి వారంలో అక్క తానే షెడ్డుకు వెళ్లింది. పోట్లాటకు వెళ్లలేదు. “మామా, ఒక మాట” అని మొదలుపెట్టి, అధ్యాపకురాలు చెప్పినదంతా చెప్పింది. మేస్త్రి చేతులు తుడుచుకొంటూ విన్నాడు. కోపం రాలేదు. ఆశ్చర్యపడ్డాడు.

“నాకెవురిచ్చినారమ్మా?” అన్నాడు. “నేను నాలుగేండ్లు చేసినా. ఒక్క పైసా చూడలేదు. స్పానరు మారితే నెత్తిన మొట్టికాయ. మీ తమ్ముని మీద నేనెప్పుడన్నా చెయ్యెత్తినానా?”

ఎత్తలేదు. అది నిజం. తనకు జరిగినదానికంటె మేలుగానే అతడు కుర్రవాని పట్ల నడుచుకొన్నాడు. అందువల్లనే ఇంకేమైనా బాకీ ఉన్నదని అతనికి తోచలేదు. అన్యాయం తరం నుంచి తరానికి నడిచేది చాలాసార్లు దుర్మార్గుల చేతులమీదుగా కాదు, ఇటువంటి మంచివారి చేతులమీదుగానే.

మేస్త్రి ఇంకొక మాట కూడా అన్నాడు. “బండి తెచ్చినోళ్లు యాభై రూపాయలకాడ అర్ధగంట బేరమాడతారు. షెడ్డు బాడుగ, కరెంటు పోను నాకు మిగిలేదెంత?” ఈ మాటను కొట్టిపారవేయరాదు. మజూరీ దగ్గర బేరమాడే ప్రతివాడూ ఎవరి కూలిలోనో చేయిపెడుతున్నాడు. అయినా న్యాయస్థానాలు ఈ వాదాన్ని మొదటినుంచీ ఒప్పుకోలేదు. సామాన్ల ఖరీదు కట్టలేనని దుకాణదారుతో చెప్పి స్పేరుపార్టులు తగ్గింపుకు తెచ్చుకోవడం ఎవరికీ కుదరదు. కూలి ఒక్కటే కుదురుతుందని అనుకొంటారు, అది మాట్లాడని సరుకు కాబట్టి.

బేరం మీద మేస్త్రి రోజుకు రెండు వందల యాభై ఇస్తానన్నాడు. ఒక్కసారిగా రెండున్నర రెట్లు! తండ్రి ముఖం విప్పారింది. అవ్వ వేంకటేశ్వరునికి దండం పెట్టింది. కాని ప్రభుత్వం ప్రకటించిన రేటు చూసి వచ్చిన అక్కకు అదీ తక్కువేనని తెలుసు. రోజుకు వంద చొప్పున నెలకు ఇరవై ఆరు రోజులకు 2,600 రూపాయలు. నిజమైన శిక్షణలో ఉన్న పదవ తరగతి అప్రెంటిస్‌కు 2019లోనే 6,000 నిర్ణయించారు. నేర్చుకొంటున్నానన్న పేరుకు తగిన కనిష్ఠ మొత్తమైనా అతనికి అందలేదు. పనిచేస్తున్నానన్న నిజానికి తగిన వేతనం సంగతి సరేసరి. ఎనిమిది గంటలకు మించిన పనికి రెట్టింపు రేటు రావాలన్న విషయం ఆ ఇంటిలో ఇంకా ఎవరూ ఎత్తనేలేదు.

అధ్యాపకురాలు మార్గం చెప్పింది. కార్మికశాఖ అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాత చట్టంలో ఆరు నెలల గడువు ఉండేది. కొత్త స్మృతి మూడేళ్ల గడువిచ్చింది. రావలసిన తేడాతో పాటు, అధికారి తలచుకొంటే దానికి పదిరెట్ల వరకు పరిహారం విధించవచ్చు. వేతనం చెల్లించానని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే. అయినా తనవైపు కూడా ఒక లెక్క ఉండడం మంచిదన్నది. “ఏ రోజు ఎన్ని గంటలకు వెళ్లాడు, ఎన్నింటికి వచ్చాడు, ఎంత ఇచ్చారు, ఒక పుస్తకంలో వ్రాసిపెట్టమను. గ్లాసు పగిలిందనో, బోల్టు పోయిందనో కోత పెడితే అదీ వ్రాయాలి. సంజాయిషీ అడగకుండా కోత పెట్టరాదు” అన్నది.

అక్క ఒక నలభై పేజీల నోటుపుస్తకం కొని, గళ్లు గీసి తమ్మునికిచ్చింది. దరఖాస్తు కూడా చక్కటి దస్తూరీతో వ్రాసి, మడిచి ఆ పుస్తకంలోనే పెట్టింది. సంతకం పెట్టవలసిన చోట మాత్రం ఖాళీ ఉంది. అక్కడ అక్క సంతకం చెల్లదు, తండ్రి సంతకం అక్కరలేదు. జనవరిలో కుర్రవానికి పద్దెనిమిదేళ్లు నిండుతాయి. “నీ ఇష్టంరా” అన్నది ఆమె.

అతడు సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా చెప్పలేదు. మరునాడు ఎప్పటిలాగే ఎనిమిది గంటలకు షట్టరు తీశాడు. గోడకు తగిలించిన పాత క్యాలెండరు వెనుక నుంచి పుస్తకం తీసి, మొదటి గడిలో 8.00 అని వేశాడు. మేస్త్రి చూశాడు. ఏమీ అనలేదు. అలా పది పన్నెండు రోజులు గడిచాయి. కుర్రవాడు పుస్తకాన్ని దాచలేదు, చూపనూ లేదు. మేస్త్రి రోజుకు రెండు వందల యాభై చొప్పున శనివారం లెక్కకట్టి ఇచ్చాడు. ఆ అంకె కూడా గడిలో చేరింది.

ఒకనాటి రాత్రి చివరి బండి వెళ్లిపోయిన తరువాత కుర్రవాడు లైటు కింద నిలబడి ఆ రోజు లెక్క వ్రాస్తున్నాడు. మేస్త్రి టూల్‌పెట్టెకు తాళం వేస్తూ అడిగాడు.

“ఎన్ని గంటలు వేసినావురా?”

“పదకొండు మామా.”

మేస్త్రి తాళంచెవి జేబులో వేసుకొన్నాడు. కాసేపు నిలబడి ఏదో గుర్తు చేసుకొన్నాడు.

“పన్నెండు వెయ్యి. మధ్యాహ్నం అన్నం తినేటోన్ని లేపి పంక్చరు వేయించినా గదా” అన్నాడు.

కుర్రవాడు పదకొండు కొట్టివేసి పన్నెండు వేశాడు. ఇద్దరూ కలిసి షట్టరు దించారు.